ఫార్మ్‌విల్‌లో పాలేరు ఎక్కడ?

వినోదానికి కూడా వర్గ స్వభావం అంటగట్టడం మనవాళ్లకు అలవాటైపోయిందని కొందరు మిత్రులు విసుక్కుంటారు. ఆటను ఆటగా చూడమంటారు. సరే, ఆటగానే చూద్దాం.

2009 జూన్‌లో అమెరికాలోని జింగా కంపెనీ ఫేస్‌బుక్‌లో ప్రవేశపెట్టిన వీడియో గేమ్ ఫార్మ్‌విల్. 2010 నాటికి నెలకు 8 కోట్లమందికి పైగా అందులో సేద్యం చేశారు. ఒక నవల ఇంతమందిని ఆకట్టుకుని ఉంటే దాని వస్తువునూ శిల్పాన్నీ చర్చించకుండా ఊరుకునేవాళ్లమా?

వస్తువు వ్యవసాయం. దున్నాలి, విత్తాలి, కోయాలి. స్ట్రాబెర్రీ 4 గంటల్లో చేతికొస్తుంది. వాన కోసం ఆకాశం వైపు చూడనక్కర్లేదు. వడ్డీ వ్యాపారి లేడు, దళారీ లేడు, కల్తీ విత్తనం లేదు. అన్నిటికీ మించి కూలివాడు లేడు. కూలి ప్రశ్నను దాటవేసి పల్లెను చిత్రించలేమని 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నిరూపించింది. అయితే పచ్చని చేలను వర్ణించి, నాటు వేసిన చేతుల్ని మరిచిపోయిన రచనలకు మనలోనూ కొదవ లేదు. కనుక ఈ లోపాన్ని అమెరికావాడి ఖాతాలోనే రాయలేం.

ఈ ఆటలో ఉన్న భయం ఒక్కటే. వేళకు రాకపోతే పంట వాడిపోతుంది. కరువు వల్ల కాదు, తెగులు వల్ల కాదు; ఆటగాడు కాసేపు తన బతుకు తాను బతికినందువల్ల! ఓపిక లేనివాడు నిజమైన డబ్బిచ్చి 'ఫార్మ్ క్యాష్' కొనుక్కోవచ్చు. లేదా మిత్రులను పొరుగువాళ్లుగా చేర్చుకోవాలి. మన పల్లెల్లో ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి వెళ్లడం పరస్పర సహాయం. ఇక్కడ అదే కంపెనీకి ఖర్చులేని ప్రచారం. రూపం వ్యవసాయం, సారం వ్యాపారం. ఆటగాడు స్ట్రాబెర్రీలు కోశాడు, కంపెనీ అతని కాలాన్ని కోసుకుంది.

ఆడినవాళ్లను నేను నిందించను. మట్టికి దూరమైన గుమాస్తా తన చేతి పని ఫలించడం కళ్లారా చూడాలనుకోవడం ఆరోగ్యకరమైన కోరికే. దీన్ని గుర్తించని విమర్శ ఒంటికంటి విమర్శ. ఆ కోరికను తీర్చకుండా, గంటల లెక్కన రగిలించి అమ్ముకోవడం దగ్గరే నా అభ్యంతరం.

ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లడంతో 2020 డిసెంబరు 31న ఆ మొదటి ఫార్మ్‌విల్ మూతపడింది. పదకొండేళ్ల సేద్యం ఒక్క రోజులో మాయమైంది. పట్టా ఎవరి పేరున ఉందో ఆనాడు తేలింది. మా బడిలో చదివే కౌలురైతుల పిల్లలకు ఈ పాఠం ఏ ఆటా నేర్పనక్కర్లేదు.

అదే రాత్రి ఢిల్లీ సరిహద్దుల్లో, సింఘూ, టిక్రీల వద్ద రైతులు చలిలో బైఠాయించి ఉన్నారు. మూడు సాగు చట్టాలను రద్దు చేయాలని, మద్దతు ధరకు చట్టబద్ధమైన హామీ ఇవ్వాలని వారి కోరిక. చట్టాలు 2021 నవంబరులో రద్దయ్యాయి. ధరకు చట్టం మాత్రం రాలేదు. ఫార్మ్‌విల్‌లో ప్రతి పంటకూ ధర ముందే ఖరారు! తినడానికి పనికిరాని పంటకు ధర హామీ ఉంది. తిండిగింజలకు అదే హామీ అడగబోయినవాళ్లకు దారిలో ఎదురైనవి నీటి ఫిరంగులు. ఈ తేడాను చూపే ఆటను ఎవరైనా తయారుచేస్తే, మా పిల్లలతో కూర్చుని నేనూ ఆడతాను.