ప్రవేశ దరువు: స్త్రీల ర్యాప్ గీతముపై ఒక పరిశీలనము

గేయమును విమర్శించువారు మూడు ప్రశ్నలు వేసికొనవలసి యున్నది. గళమెవరిది? వాక్కెవరిది? పేరెవరిది? లిఖిత కావ్యమున వాక్కును పేరును కవివే యగుటచే ఈ ప్రశ్నలు మనకంతగా తోచవు. ఆటపాటలయందు మాత్రము ఇవి విడివిడిగా నిలుచును. స్త్రీ పాడిన పాటలో ఈ మూడును ఒక్కచోట చేరుట ఎంత అరుదో, చేరినపుడు సైతము శ్రోతలు దానిని గమనింపకుండుట ఎంత సులభమో చూపుట ఈ వ్యాసోద్దేశము. అందులకు లక్ష్యముగా గైకొన్నది స్త్రీలు పలికిన హిప్‌హాప్ నృత్యగీతము. సంతబొమ్మాళి పెండ్లిపందిరిని, అమెరికా నాట్యశాలను ఒక్కచోట నిలుపుట సాహసమని కొందఱికి తోచవచ్చును. ఆ పోలికకుగల కారణము క్రమముగా తెలియగలదు.

మొదట మన యింటి సంగతి. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములందు తూర్పు భాగవతమను పేర భామాకలాపము నాడు సంప్రదాయము కలదు. అందు మృదంగమునకు పెద్దపీట. తెర తొలగగనే సత్యభామ తన పేరు, తన సొగసు, తన గర్వము తానే చాటుకొనుచు ప్రవేశించును. దానినే ప్రవేశ దరువందురు. కూచిపూడివారిలోనైతే సత్యభామ జడను తెరమీదుగా వైచుట సభవారికి సవాలు. స్త్రీ నిండుసభలో “నేను” అని పలుకు ఘట్టములలో దీనికి సాటివచ్చునవి తెలుగున మిక్కిలి కొలది. అయినను మేళముల సంప్రదాయమున ఆ వేషము కట్టినవారు పురుషులు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామ ఆ విద్యకు పరాకాష్ఠ. అందు వాక్కు పురుషునిది, గళము పురుషునిది. పేరు మాత్రము సత్యభామది.

ఇందులకు సరిగా ఎదురుగా నిలుచునది వియ్యాలవారి పాట. నౌపడ ఉప్పుమళ్ళలోను, పలాస జీడిపప్పు కర్మాగారములలోను కష్టించు స్త్రీలే మా ప్రాంతపు పెండ్లిండ్లలో ఎదుటి పక్షమువారి పిసినిగొట్టుతనమును, తిండిపోతుతనమును, రూపురేఖలను పట్టి ఎగతాళి చేయుచు పాడుదురు. ఒక పక్షము పాడగనే రెండవ పక్షము అదే వరుసలో, అదే దెబ్బపై బదులు చెప్పవలెను. మాట తడబడినవారు ఓడినట్లే. ఇచట గళము స్త్రీలది, వాక్కు స్త్రీలది, లేనిది పేరొక్కటే. “జానపదము” అను గౌరవవాచకమే ఆ లోటును కప్పివేయుచున్నది. 2020లో విడుదలయిన “పలాస 1978” చిత్రమున సంగీత దర్శకులు రఘు కుంచెగారు పాడిన నక్కిలీసు గొలుసు పాట ఉత్తరాంధ్ర జానపదమే. దానికి ఎందఱో చిందులు వేసిరి. ఆ పాటను మొదట కట్టినవారెవరని అడిగినవారు కొలదిమంది.

ఇక హిప్‌హాప్ పుట్టుకకు చెప్పు ప్రసిద్ధమయిన తేదీ 1973 ఆగస్టు 11. ఆనాడు న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతమున కూల్ హెర్క్ అను యువకుడు ఒక వేడుకలో రికార్డులు వినిపించి జనులచే ఆడించెను. ఆ వేడుకను ఏర్పాటు చేసినది అతని సోదరి సిండీ కాంప్‌బెల్. బడి తెఱచునప్పటికి క్రొత్త దుస్తులు కొనుటకు సొమ్ము కూర్చుకొనవలెనని ఆమె తలంపు. చరిత్ర హెర్క్ పేరునే ముందుగా వ్రాసికొన్నది.

లయపై మాటలను పాడక పలుకుటయే ర్యాప్. సాధారణముగా అది నాలుగు దెబ్బల నడకలో సాగును. పలుకులు ఆ దెబ్బలను ఒకచో కలిసికొని, ఒకచో తప్పించుకొని, ప్రాసతో మరల గూటికి చేరును. 1979లో ది సీక్వెన్స్ అను ముగ్గురు యువతుల బృందము “ఫంక్ యూ అప్” అను నృత్యగీతమును వెలువరించినది. స్త్రీల ర్యాప్ బృందముల తొలి రికార్డులలో అది యొకటి. 1984లో యూటీఎఫ్‌ఓ అను పురుషుల బృందము రోక్సాన్ అను యువతి తమను లెక్కచేయలేదని పాడగా, యుక్తవయస్సయినను నిండని రోక్సాన్ షాంటే ఎదురుపాట పలికి ప్రసిద్ధి కెక్కెను. వియ్యాలవారి పాట నెఱిగిన మనకు ఇందు వింత యేమియు లేదు. పట్టిన మాటను పట్టినచోటనే తిరుగగొట్టుట మన యాడువారికి వెన్నతో బెట్టిన విద్య.

1987లో వెలువడిన సాల్ట్-ఎన్-పెపా బృందపు “పుష్ ఇట్” మొదట వేఱొక పాట యొక్క రికార్డునకు రెండవ ప్రక్కన చేర్చబడినది. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన డీజే కామెరాన్ పాల్ దానిని తిరిగి కూర్చి వినిపింపగా అది బిల్‌బోర్డు పట్టికలో 19వ స్థానమున కెక్కినది. జె.జె. ఫాడ్ అను మఱియొక యువతుల బృందపు “సూపర్‌సోనిక్” సైతము రెండవ ప్రక్కనుండియే లేచి 30వ స్థానము చేరినది. 1989లో గ్రామీవారు ర్యాప్‌నకు తొలిసారిగా బహుమతి నేర్పఱచినపుడు పరిశీలనకు వచ్చిన ఐదు గీతములలో ఇవి రెండు. బహుమతి డీజే జాజీ జెఫ్, ఫ్రెష్ ప్రిన్స్ జంటకు దక్కినది. ఆ ప్రదానమును టెలివిజనులో చూపరాదని నిర్వాహకులు నిశ్చయింపగా సాల్ట్-ఎన్-పెపా వారు సభకు వెళ్ళలేదు.

ఈ ఆదరణమును గూర్చి ఒక్క మాట. జనులు ఆడిరి, పట్టికలు లెక్కించెను. కాని పలుకును విచారించినవారు తక్కువ. “పుష్ ఇట్” రచయిత ఆ బృందపు నిర్మాత హర్బీ అజోర్. గళము, పేరు స్త్రీలవి, వాక్కు పురుషునిది. అది శృంగారగీతమని శ్రోతలు, ఆటను గూర్చినదని పాడినవారు అనుచుండిరి. తమవి కాని మాటలకు తాము అర్థము చెప్పవలసి వచ్చుట వారి యిక్కట్టు. 1990లో వచ్చిన “బ్లాక్స్ మ్యాజిక్” సంపుటిలోని “ఎక్స్‌ప్రెషన్” గీతమును సాల్ట్ తానే రచించి, తానే నిర్మించినది. మూడును ఒక్కచోట చేరినది అప్పుడే. నా దృష్టిలో “పుష్ ఇట్” కంటె ఇదియే పెద్ద విజయము.

ఈ కథ తెలుగువారి వఱకును వచ్చినది. 1986లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు దంపతులకు జన్మించిన శ్వేతా యల్లాప్రగడ రావు బాల్యమునుండి కూచిపూడి మొదలగు నృత్యములను అభ్యసించి, రాజకుమారి అను పేర ర్యాప్ కళాకారిణి యయినది. ఆమె తొలి యశస్సు ఇతరుల గళములకు వాక్కు నొసగుటవలన వచ్చినది. ఇగ్గీ అజేలియా “చేంజ్ యువర్ లైఫ్” (2013), ఫాల్ ఔట్ బాయ్ “సెంచురీస్” (2014) గీతముల రచనలో ఆమెకు భాగము కలదు. సాల్ట్‌కు గళముండి వాక్కు లేకుండెను. ఈమెకు వాక్కుండి గళము మరుగున నుండెను. 2016లో “ది కమ్ అప్” సంపుటితో ఆమె తెర తొలగించి తానే ముందునకు వచ్చినది. 2024లో “ఆర్కేన్” ధారావాహిక రెండవ భాగము కొఱకు స్టెఫ్లాన్ డాన్, జరీనా డి మార్కోలతో కలిసి “రెనిగేడ్ (వీ నెవర్ రన్)” పలికినది. ఆ ధారావాహిక గీతసంపుటికి 2025 మే నెలలో అమెరికన్ మ్యూజిక్ అవార్డు లభించినది.

బహుమతిని, తెలుగు పుట్టుకను కొనియాడి మనము తృప్తి పడితిమి. అది అభిమానమే గాని విమర్శ కాదు. ఆమె బిరుదుపేరే ఒక ప్రవేశ దరువని నేననుకొందును. పురుషుడు వేషము కట్టి పలికిన “నేను” అను మాటను ఆ నాట్యమునే నేర్చిన స్త్రీ తన నోట పలికినది. ఆ పలుకు ఆంగ్లమున నున్నదను ఆక్షేపణ నన్నంతగా బాధింపదు. వేఱొక లోపము బాధించును. జతులు, బొట్టు, నగలు ఆమె గీతములలో పలుచోట్ల అలంకారముగా నిలిచిపోవుచున్నవి. ఆత్మప్రశంసకు ఎదుట ప్రత్యర్థి కనబడడు. సత్యభామ గర్వమునకు కృష్ణుడున్నాడు. వియ్యపురాలి మాటకు ఎదుటి వియ్యపురాలున్నది. ఎదురులేని సవాలునకు పదును తక్కువ. ఈ విషయమున మా పందిరి పాటయే మేలు. అయినను ఆమెకు పేరున్నది, మా వారికి లేదు.

ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. బిరుదురాజు రామరాజుగారి “తెలుగు జానపద గేయ సాహిత్యము” చూపిన త్రోవలో నేనును నా సిద్ధాంత గ్రంథమునకై ఉద్దానపు పల్లెలలో పాటలు సేకరించితిని. ఒక పెండ్లిలో నా నోటుపుస్తకమును చూచి, నన్నే ఎగతాళి చేయుచు ఒక ముదుసలి అప్పటికప్పుడు చరణము కట్టినది. పందిరియంతయు నవ్వినది. ఆ చరణమును అక్షరము పొల్లుపోకుండ వ్రాసికొంటిని; క్రింద “పాడినది: ఒక వృద్ధురాలు” అని చేర్చితిని. పేరడుగుట నాకు తోచలేదు. పరీక్షకులును అడుగలేదు, పట్టము వచ్చినది. ఇరువది యేండ్లు కావచ్చుచున్నది. మరల ఆ యూరికి పోయి విచారించితిని. ఆమె లేదు, ఏ యింటివారో చెప్పగలవారును లేరు.

కావున ఇకమీదట మన విద్యార్థులు సేకరించు ప్రతి పాట క్రిందను, పాడినవారు సమ్మతించినచో, వారి పేరును, ఊరును, పాట కట్టినది వారేనా యను విషయమును తప్పక వ్రాయవలెను. స్త్రీల నృత్యగీతమును విమర్శించునపుడు దెబ్బతోపాటు మాటను వినవలెను. ఆ ముదుసలి చరణము నా గ్రంథమున నేటికిని పేరులేకయే యున్నది.