తాడు పట్టిన చేతిలో కెమెరా

1953 మే 29న పొద్దున పదకొండున్నరకు ఎడ్మండ్ హిల్లరీ, టెన్సింగ్ నార్గే ఎవరెస్టు శిఖరం మీద కాలుపెట్టారు. అక్కడ వాళ్లున్నది పావుగంటే. ఆ పావుగంటలో హిల్లరీ ఆక్సిజన్ మాస్కు తీసేసి, చొక్కా లోపల దాచుకున్న కొడాక్ రెటీనా కెమెరాను బయటికి తీశాడు. మంచుగొడ్డలికి కట్టిన జెండాలను పైకెత్తి నిలబడ్డ టెన్సింగ్‌ను ఫొటో తీశాడు. తరవాత నాలుగు దిక్కులకూ తిరిగి, శిఖరం నుంచి కిందికి జారిపోయే గట్లను ఒక్కొక్కటిగా తీశాడు. నిజంగా పైదాకా వెళ్లామనడానికి అవే సాక్ష్యం. మడిస్తే జేబులో ఇమిడిపోయే ఆ కెమెరాను హిల్లరీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాన్ని చొక్కా లోపల పెట్టుకోవడానికి కారణం చలి. ఒంటి వేడి తగులుతూ ఉంటేనే అంత ఎత్తున కెమెరా మాట వింటుంది.

కొండల్లో ఫొటోలు తీసేవాళ్ల పద్ధతులన్నీ ఇలాంటి అవసరాల్లోంచి పుట్టినవే. పెళ్లి ఫొటోలు తీసేవాడికి సామాను ఎంతున్నా కారులో వస్తుంది. సాహస ఫొటోగ్రాఫర్ తన సామాను తానే మోయాలి. పైగా జట్టుకు కావలసిన తాడు, గుడారం, స్టవ్, తిండిలో తన వంతు ముందు మోయాలి. అవన్నీ మోశాక ఒంట్లో ఇంకా ఎంత సత్తువ మిగులుతుందో అంత బరువే కెమెరాకు కేటాయించాలి. అందుకే ఇతని సంచిలో ఏముండాలన్నది కెమెరా కంపెనీల పట్టికలు చూసి తేల్చే విషయం కాదు. అతను ముందు జట్టులో మనిషి, తరవాతే ఫొటోగ్రాఫర్. ఈ విద్య విలువంతా ఈ వరసలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

గాజు పలకల నుంచి జేబు కెమెరా దాకా

ఈ విద్యకు ఆదిపురుషుల్లో ఒకడు ఇటలీకి చెందిన విట్టోరియో సెల్లా (1859–1943). ఆల్ప్స్ పర్వతాల్లో అతను వాడిన కెమెరాలో 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న గాజు పలకలు పెట్టేవాడు. ఒక్కో పలక దాదాపు కిలో బరువు. అంటే పది ఫొటోలు తీయాలంటే పది కిలోల గాజు కొండ మీదికి చేర్చాలి. కెమెరా, స్టాండు బరువు వేరే. తరవాతి దూరయాత్రలకు అతను ఇంతకన్నా చిన్న పలకల కెమెరాకు మారాడు. 1899లో డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ జట్టుతో కాంచన్‌జంగ చుట్టూ తిరిగాడు. 1909లో అబ్రుజ్జీ డ్యూక్‌తో కె2 దాకా వెళ్లాడు. ఆ ఫొటోల్లో మంచు పగుళ్లు, రాతి గట్లు ఎంత స్పష్టంగా పడ్డాయంటే, తరవాతి తరాల పర్వతారోహకులు దారి వెతుక్కోవడానికి వాటినే ముందేసుకుని కూర్చునేవారు.

ఏది వదులుకోవాలో తెలియడం ఈ వృత్తిలో మొదటి పాఠం. దాన్ని ఫ్రాంక్ హర్లీ కంటే కఠినంగా నేర్చుకున్నవాళ్లు అరుదు. షాకిల్టన్ అంటార్కిటికా యాత్రకు అతను ఫొటోగ్రాఫర్‌గా వెళ్లాడు. 1915లో వాళ్ల ఓడ ఎండ్యూరెన్స్ సముద్రపు మంచులో ఇరుక్కుని నలిగిపోయింది. ఓడలో మునిగిన ఫొటో పలకల డబ్బాల కోసం హర్లీ ఆ మంచునీళ్లలోకి దిగి, పలకలను బయటికి తెచ్చుకున్నాడు. ఇకమీదట ప్రాణం దక్కాలంటే పడవలు ఈడ్చుకుంటూ పోవాలి, బరువు తగ్గించాలి. హర్లీ, షాకిల్టన్ మంచు మీదే కూర్చుని పలకలను ఏరారు. సుమారు 120 ఉంచుకున్నారు, మిగిలిన 400 దాకా అక్కడికక్కడే పగలగొట్టారు. మళ్లీ మనసు మారి వెనక్కి తీసుకోకుండా ఉండాలనే అలా చేశారు. పెద్ద కెమెరాలన్నీ వదిలేసి, ఒక చిన్న కొడాక్ జేబు కెమెరా, మూడు రోళ్ల ఫిల్ము మాత్రం హర్లీ తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ తరవాత ఎలిఫెంట్ దీవిలో చిక్కుకుపోయిన జట్టు మనుషుల ఫొటోలు మనకు మిగిలాయంటే ఆ చిన్న కెమెరా పుణ్యమే.

1925లో లైకా వచ్చి 35 ఎంఎం ఫిల్మును చేతి కెమెరాలోకి తెచ్చాక కొండల్లో కథే మారిపోయింది. గాజు పలకలు, స్టాండు లేకుండానే, తాడు మీద వేలాడుతూ కూడా ఫొటో తీసే వీలు కలిగింది.

పరుగెత్తగలిగిన ఫొటోగ్రాఫర్

ఆ వీలును ఒక పద్ధతిగా మలిచినవాడు అమెరికన్ ఫొటోగ్రాఫర్ గేలెన్ రోవెల్ (1940–2002). కార్ల మరమ్మతు షాపు నడుపుకునే ఈ పర్వతారోహకుడు 1972లో దాన్ని అమ్మేసి కెమెరా పట్టాడు. ఏడాది తిరక్కుండానే యోసెమిటీలోని హాఫ్ డోమ్ రాతిగోడను, మేకులు కొట్టకుండా, ఇద్దరు సహచరులతో కలిసి ఎక్కాడు. ఆ ఫొటోలు 1974 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్‌లో ముఖచిత్ర కథనంగా వచ్చాయి. అతని మెళ్లో ఉన్నది స్టూడియో సరంజామా కాదు, తేలికపాటి 35 ఎంఎం కెమెరా.

1981లో టిబెట్‌లో అతను తీసిన పొటాలా రాజభవనం ఫొటో జగత్ప్రసిద్ధం. లాసా నగరం 3,600 మీటర్లకు పైన ఉంటుంది, అక్కడ గబగబా మెట్లెక్కినా ఊపిరాడదు. ఆ సాయంత్రం ఇంద్రధనుస్సు కనబడింది కానీ, అది రాజభవనానికి దూరంగా ఉంది. మనం కదిలితే ఇంద్రధనుస్సూ మనతోపాటు కదులుతుందన్న సంగతి రోవెల్‌కు తెలుసు. తోటివాళ్లు భోజనానికి వెళ్తుంటే అతను పరుగందుకున్నాడు. వంతెనలా వంగిన ఆ రంగుల చివర సరిగ్గా భవనం పైకప్పు మీద వాలేలా కనిపించే చోటికి చేరి ఫొటో తీశాడు. పదిహేను కిలోల సంచి వీపున ఉంటే ఆ పరుగు సాధ్యమయ్యేది కాదు. తేలిక సామాను అంటే రాజీపడడం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఫొటో చాలు.

సంచిలో ఏముంటుంది

కెమెరా వీపు సంచిలో ఉంటే లేనట్టే. సంచి దించాలి, జిప్పు తీయాలి, మళ్లీ సర్దాలి. ఒకే తాడుకు కట్టుకుని నడిచేటప్పుడు ఒకడు ఆగితే అందరూ ఆగాలి. మంచు మీద అనవసరంగా ఆగడం ప్రమాదం కూడా. అందుకే కెమెరాకు ఛాతీ మీద చిన్న సంచి కుట్టించుకుంటారు. మెడకు ఒక పట్టీ, అది ఊగకుండా నడుముకో వీపుకో ఇంకో పట్టీ ఉంటుంది. చేయి పెడితే కెమెరా రావాలి, వదిలితే మళ్లీ లోపలికి పోవాలి.

ఇవాళ ఆ ఛాతీ సంచిలో ఉండేది ఎక్కువగా 500 నుంచి 700 గ్రాముల మిర్రర్‌లెస్ బాడీ, 24–70 లేదా 16–35 జూమ్ లెన్స్. దూరపు గట్ల మీద మనుషులను పట్టుకోవాల్సిన రోజున 70–200 కూడా చేరుతుంది. ఆ లెన్స్‌లో ఎఫ్/2.8 రకం కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది, ఎఫ్/4 రకం అంతకన్నా తేలిక. కొండల్లో పగటి వెలుతురుకు కొదవ లేదు. మనిషీ, వెనక శిఖరమూ రెండూ స్పష్టంగా పడాలి కాబట్టి ఎపర్చర్ ఎలాగూ తగ్గించే ఉంచుతాం. మరి వాడని ఎఫ్/2.8 కోసం అదనపు బరువు ఎందుకు మోయాలి? తెలిసినవాళ్లు ఎఫ్/4 పట్టుకెళ్లి, మిగిలిన బరువులో ఒక పూట తిండి పెట్టుకుంటారు.

ఫిల్ము కాలంలో నికాన్ ఎఫ్‌ఎం2 కొండవాళ్ల నేస్తం. 1982లో వచ్చిన ఆ బాడీ బరువు 540 గ్రాములు. దాని బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరుకే కావాలి. బ్యాటరీ చచ్చిపోయినా షట్టరు ఆగదు.

చెయ్యి తిరగడానికి కొన్ని మెళకువలు

పెద్ద గ్లవ్స్‌తో ఫోకస్ రింగు తిప్పలేం. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ముందే ఫోకస్ కట్టి ఉంచుతారు. 24 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/11 దగ్గర పెట్టి, 2 మీటర్ల దూరానికి ఫోకస్ చేసి వదిలేస్తే, సుమారు ఒక మీటరు దూరం నుంచి ఆకాశం అంచు దాకా అన్నీ స్పష్టంగానే పడతాయి. ఇక మిగిలేది కెమెరా ఎత్తి నొక్కడమే. పెద్ద గ్లవ్స్ లోపల పల్చటి గ్లవ్స్ ఒక జత ఉంటుంది. పైవి తీసినా వేళ్లు మంచుకు నేరుగా తగలవు. తీసిన గ్లవ్స్ గాలికి ఎగిరిపోకుండా మణికట్టుకు తాడు ఉండాలి. చలిలో గ్లవ్ పోగొట్టుకుంటే వేళ్లు పోగొట్టుకున్నట్టే.

మంచు మీద కెమెరా మీటరును గుడ్డిగా నమ్మకూడదు. తాను చూసే ప్రతి దృశ్యమూ నడిమి బూడిదరంగంత వెలుతురుతో ఉంటుందనుకుని అది లెక్క కడుతుంది. ఎదురుగా తెల్లటి మంచు మైదానం ఉంటే దాన్నీ బూడిదరంగుకు దించేస్తుంది. అందుకే ఒకటి నుంచి రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. తెల్లవారుజామున ఇంకో చిక్కు ఎదురవుతుంది. శిఖరాల మీద ఎండ, లోయలో నీడ. స్లయిడ్ ఫిల్ము ఆ రెండింటినీ ఒకేసారి పట్టలేకపోయేది. దానికి రోవెల్ లాంటివాళ్లు సగం నల్లగా, సగం తేటగా ఉండే పలక ఫిల్టరును లెన్స్ ముందు పెట్టి, నల్ల సగం వెలుతురు మీదికి వచ్చేలా సరిచేసేవాళ్లు. ఇప్పటి డిజిటల్ సెన్సర్లు వెలుగునీడలను చాలా ఎక్కువగా పట్టగలవు కాబట్టి ఆ ఫిల్టరు అవసరం తగ్గింది. వెలుతురును ముందుగా చదివే కన్ను అవసరం మాత్రం తగ్గలేదు.

చలి బ్యాటరీ శక్తిని పూర్తిగా మింగేయదు. లోపలి రసాయన చర్యను మందగింపజేస్తుంది. ఖాళీ అయిందని చూపించిన బ్యాటరీని ఒంటి దగ్గర జేబులో కాసేపు వెచ్చబెడితే మళ్లీ కొంత పనిచేస్తుంది. అందుకే రెండు మూడు బ్యాటరీలు లోపలి జేబులో ఉంటాయి, రాత్రి స్లీపింగ్ బ్యాగులోకి వస్తాయి. మొబైల్‌కూ ఇదే సూత్రం.

చాలామంది పొరపాటు పడేది గుడారంలోకి వచ్చేటప్పుడు. గడ్డకట్టిన కెమెరా వెచ్చటి గాలిలోకి రాగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలాగా దానికి చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ లెన్స్ లోపలికి, బాడీలోకి దిగి, మళ్లీ బయటికెళ్తే మంచవుతుంది. దీనికి మందు రూపాయి ఖరీదు జిప్ కవరు. గుడారం బయటే, ఇంకా చలిలో ఉండగానే, కెమెరాను కవరులో పెట్టి గాలి వత్తేసి జిప్పు మూయాలి. తరవాతే లోపలికి తేవాలి. చెమ్మ కవరు పైన పడుతుంది, కెమెరా పొడిగానే వేడెక్కుతుంది. వేడెక్కేదాకా కవరు తెరవకూడదు. ఫొటోలు చూసుకోవాలని ఉంటే మెమరీ కార్డును బయటే తీసి జేబులో వేసుకోవాలి. వ్యూఫైండరు మీదికి ఊపిరి వదలకపోవడం కూడా ఇదే కోవలో జాగ్రత్త.

రాతిగోడ మీద ఏ వస్తువూ కట్టకుండా ఉండకూడదు. లెన్స్ మూత దగ్గర్నుంచి ప్రతిదానికీ తాడో, కారాబినర్ అనే కొక్కెమో ఉండాలి. వంద మీటర్ల పైనుంచి జారిన లెన్స్ కింద ఎక్కుతున్నవాడి ప్రాణం తీస్తుంది.

ఎక్కడ నిలబడాలి

ఎక్కేవాళ్లను కింద నుంచి తీస్తే వీపూ బూట్లే పడతాయి. ముఖం, చేతిపట్టు, కింద లోతు, మూడూ ఒకే ఫ్రేములో పడాలంటే ఫొటోగ్రాఫర్ పైన ఉండాలి. అందుకని అతను ముందే జుమార్లతో, అంటే తాడును పట్టుకుని పైకి జరిగే పట్టీలతో, ఎక్కి ఎదురుచూస్తాడు, లేదా నడకలో అందరికన్నా ముందు పరుగెత్తి, వాళ్లు దాటాక మళ్లీ వచ్చి కలుస్తాడు. అందరికన్నా ఎక్కువ నడిచేది అతనే.

గంగోత్రి పైన మేరు పర్వతం ఉంది. దాని మధ్య శిఖరానికి వెళ్లే షార్క్స్ ఫిన్ రాతిగట్టును జిమ్మీ చిన్, కాన్రాడ్ ఆంకర్, రెనాన్ ఒజ్‌టర్క్ 2008లో ఎక్కబోయారు. శిఖరం ఇంకా సుమారు వంద మీటర్లు ఉందనగా వెనుదిరిగారు. 2011లో మళ్లీ వచ్చి సాధించారు. ఆ ఎక్కడం మీద వచ్చిన ‘మేరు’ చిత్రానికి పైన కెమెరా పట్టినవాళ్లు ఎక్కినవాళ్లే. 2017 జూన్ 3న అలెక్స్ హానల్డ్ తాడు లేకుండా యోసెమిటీలోని ఎల్ క్యాపిటన్ రాతిగోడ ఎక్కినప్పుడు, దాన్ని తీసిన ‘ఫ్రీ సోలో’ చిత్రబృందం ఒక బరువైన నిర్ణయం తీసుకుంది. అత్యంత కష్టమైన మలుపు దగ్గర మనిషి ఉంటే అతని ధ్యాస చెదురుతుందేమోనని, అక్కడ దూరం నుంచి నడిపే కెమెరాలు పెట్టారు. ఎదుటి మనిషి ప్రాణం ముందు ఫ్రేము ఎంత అందంగా ఉన్నా రెండోదే. ఈ విద్యలో మర్యాద ఇదే.

మన తెలుగు గడ్డ మీద కూడా కొండలెక్కే ముచ్చటకు చోటుంది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వాళ్లు రాళ్లెక్కడం మొదట సాధన చేసింది భువనగిరి గుట్ట మీద. ఇవాళ హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి ఎందరో పిల్లలు ఉత్తరాఖండ్, హిమాచల్ ట్రెక్కులకు పోతున్నారు. చాలామంది సంచుల్లో వాడని లెన్స్‌లు, వాడని స్టాండ్లు కొండెక్కి దిగుతున్నాయి. వాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒక బాడీ, ఒక లెన్స్, రెండు బ్యాటరీలు, రూపాయి కవరు తీసుకోండి, ఆ ఒక్క లెన్స్‌ను చీకట్లో కూడా తిప్పగలిగేంత అలవాటు చేసుకోండి. సంచి సర్దేటప్పుడు ముందు జట్టు సామానులో మీ వంతు పెట్టండి. ఆ తరవాత మిగిలిన చోట్లో పట్టే కెమెరానే మీకు సరైన కెమెరా.