చలువ ఎవరిది? దోహాలో ఒక విశ్వవిద్యాలయం, ఒక పాత ఇల్లు

దోహాకు చుట్టపుచూపుగా వచ్చినవారికి ఊరు చూపించడం ఇక్కడ స్థిరపడిన తెలుగువారందరికీ అలవాటైన పని. కార్నిష్, సూక్ వాకిఫ్, ఇస్లామిక్ కళల మ్యూజియం తిరిగాక ఇంకా ఓపిక మిగిలినవారిని నేను మరో రెండు చోట్లకు తీసుకువెళుతూ వచ్చాను. ఒకటి, నగరానికి ఉత్తరాన ఉన్న ఖతర్ విశ్వవిద్యాలయం. రెండవది, నగరం నడిబొడ్డున ముషైరిబ్‌లోని రద్వానీ ఇల్లు. మొదటిదానికి పునాది 1970లలో పడింది. రెండవది 1920లలో కట్టిన ఇల్లు, 2015 నుంచి మ్యూజియం. ఈ రెండింటినీ చూసినవారు చెప్పే అభిప్రాయాలను చాలాకాలం మర్యాదమాటలుగానే విని వదిలేశాను. క్రమంగా వాటిలో ఒక పోలిక కనిపించింది. చాలా అభిప్రాయాలు కట్టడాన్ని కంటితో మాత్రమే కొలుస్తున్నాయి. కాని ఈ రెండు కట్టడాలూ కంటికోసం పుట్టినవి కావు. ఎండలో ఒళ్ళు నిలబెట్టుకోవడం కోసం పుట్టిన నిర్మాణ సంప్రదాయానికి చెందినవి. చూసినవారి మాటలకూ కట్టడాల స్వభావానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విశ్వవిద్యాలయం గురించి నేను విన్న అభిప్రాయాలు ప్రధానంగా రెండు. అచ్చమైన అరబ్బు శైలి అని మెచ్చుకునేవారు కొందరు. ఎటు చూసినా ఒకేలా ఉంది, దారి తెలియడం లేదు అని విసుక్కునేవారు కొందరు. రద్వానీ ఇంటి గురించి వచ్చే మాటల్లో భేదం తక్కువ. చల్లగా, ప్రశాంతంగా ఉందంటారు, అరగంటలో చూడవచ్చంటారు, గోదావరి జిల్లాలవారైతే మన మండువా లోగిలిలాగే ఉందని సంబరపడతారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఏదీ చాలదు కూడా.

మొదటి మెప్పునే చూద్దాం. ఖతర్‌లో ఉన్నత విద్య 1973లో ఒక విద్యా కళాశాలతో మొదలైంది. తొలి ఏడాది చేరినవారు 57 మంది యువకులు, 93 మంది యువతులు. 1977లో అది విశ్వవిద్యాలయం అయింది. ప్రాంగణానికి రూపకల్పన చేసినవాడు ఈజిప్టు వాస్తుశిల్పి కమాల్ అల్ కఫ్రావీ. నిర్మాణం 1980లలో సాగింది. ఆయన ఎంచుకున్న మూలకం ఒక అష్టభుజి. అష్టభుజాల గదులు, వాటిని కలిపే చిన్న చతురస్రాలు, మధ్య మధ్య ముంగిళ్ళు, పైన గోపురాలు. కొన్ని గోపురాలు గాలి కోసం, కొన్ని వెలుతురు కోసం. ఒక అచ్చులో పోసిన భాగాలను పక్కపక్కన చేరుస్తూ పోయినట్టు ప్రాంగణమంతా పరుచుకుని ఉంటుంది.

గాలిగోపురం అనే మాట తెలుగువారికి కొత్త కాదు. కాని మన గాలిగోపురం గుడి ముంగిట నిలిచేది. మంగళగిరి గోపురాన్ని దూరం నుంచి చూసి ఊరు వచ్చేసిందని చేతులు జోడించేవారు యాత్రికులు. ఇక్కడి గోపురం పేరుకు తగ్గట్టు నిజంగానే గాలిని పడుతుంది. నేలమీద కన్నా ఎత్తున గాలి వేగం ఎక్కువ. ఆ గాలిని ఒడిసిపట్టి కింద గదిలో కూర్చున్నవారి మీదకు దించడం దాని పని. దీన్ని బాద్‌గీర్ అంటారు. అది పారశీక పదం. ఈ గోపురం గల్ఫుకు ఆవలి ఒడ్డున ఇరాన్‌లో పెరిగి, వర్తకుల ఇళ్ళతోపాటు సముద్రం దాటి ఈవలి రేవులకు చేరింది. దోహాలోని నజాదా ప్రాంతంలో 1935 నాటి గాలిగోపురం ఇల్లు దానికి సాక్ష్యం. కనుక అచ్చమైన అరబ్బు శైలి అన్న మెప్పు సరిగ్గా ఈ గోపురం దగ్గరే తడబడుతుంది. విశ్వవిద్యాలయం నెత్తిన స్థానికతకు గుర్తుగా నిలిచిన ఆకారం స్వయంగా వలస వచ్చినది. దీన్ని లోపంగా చెప్పడం లేదు. రేవుపట్టణాల్లో స్థానికత సాధారణంగా ఇలాగే ఏర్పడుతుంది.

ఇటువంటి ప్రయత్నం హైదరాబాదువారికి సుపరిచితం. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆర్ట్స్ కళాశాల భవనాన్ని రూపొందించినవాడు ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం దేశీయుడు. అంతకుముందు ఈజిప్టులో పనిచేసినవాడు. 1939 నాటికి సిద్ధమైన ఆ భవనం హిందూ, ఇస్లామీయ శిల్పరీతులను ఒకే ముఖద్వారంలో కలిపింది. అయితే జాస్పర్ పాత కట్టడాలనుంచి తీసుకున్నది ప్రధానంగా రూపం: కమాను, స్తంభం, అలంకరణ. కఫ్రావీ తీసుకున్నది రూపంతోపాటు పని. పాత ఇంటి గోపురాన్ని తెచ్చి పెద్ద భవనం మీద కిరీటంలా పెట్టలేదు. గాలి, వెలుతురు, నీడ అన్న మూడు పనులను ఒక గది కొలతలోకి దించి, ఆ గదిని గుణించుకుంటూ పోయాడు. ఆ కట్టడంలో మెచ్చవలసిన ఆలోచన అది. శైలి అన్న ఒక్క మాటతో ముగించేవారికి అది కనబడదు.

విసుక్కునేవారి మాటలో మాత్రం నాకు కొంత న్యాయం కనిపిస్తుంది. పాత ఇంటికి ఒకే ముంగిలి. ఏ గదిలోంచి బయటికి వచ్చినా అక్కడికే చేరతాం. చంటిపిల్ల కూడా దారి తప్పదు. ఆ ఇంటినే వందలసార్లు పక్కపక్కన పేర్చితే ముంగిళ్ళు ఎన్నో వస్తాయి కాని, వాటిలో ఏదీ నడుమ కాదు. గదికి కుదిరిన లెక్క ఊరికి కుదరలేదు. ఇంటి ఊపిరి విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఇంటి మధ్యభాగం రాలేదు. యంత్రాలు చల్లబరిచే తరగతి గదులపైన గోపురాలు వట్టి అలంకారమే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. ఆ మాట సగం ఒప్పుకుంటాను. కాని వెలుతురుకు యంత్రం అక్కర్లేదు. మధ్యాహ్నం ఆ మెత్తని వెలుతురులో, నీడ పరుచుకున్న నడవల్లో నడిచినప్పుడు, కళ్ళు చికిలించవలసిన అవసరం రాకపోవడం ఆ రూపకల్పన చేసిన మేలే.

ఇక్కడ వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. గాలిగోపురం గదిని చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు. దారిలో నీటి తడి లేకపోతే అది గాలి ఉష్ణోగ్రతను పెద్దగా తగ్గించదు. అది చల్లబరిచేది మనిషిని. మన ఒంటి మీద ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట ఏ మేలూ చేయదు. ఆగస్టులో దోహా గాలి సముద్రపు తేమతో బరువెక్కినప్పుడు చెమట ఆవిరి కావడం కష్టం. చర్మానికి అంటుకున్న తడిగాలిని తోసివేసే గాలి కదలిక కావాలి. గోపురం ఇచ్చేది ఆ కదలికే. మందమైన గోడ పగటి వేడిని గంటల తరబడి లోపలికి రానివ్వదు. రాత్రి చల్లబడిన గాలి బరువుగా ముంగిట్లోకి దిగి తెల్లవారిన తరువాత కూడా కాసేపు నిలుస్తుంది. అంటే ఈ ఇళ్ళను పరీక్షించవలసిన పరికరం చర్మం. కాలం జూలై, ఆగస్టు. మన అతిథులు వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో. ఆ ఇంటి గదుల్లో ఇప్పుడు వారికి తగిలే చల్లదనం యంత్రానిది. చల్లగా ఉందన్న మెప్పు ఆ విధంగా ఇంటికి చెందకుండానే ఇంటి ఖాతాలో పడుతోంది.

మండువా పోలికకూ ఒక హద్దు ఉంది. మన మండువాలో కప్పులు లోపలికి వాలి వాననీటిని నడిమి గుంటలోకి దించుతాయి. అది వాన తెలిసిన ఇల్లు. ఇక్కడి ఇల్లు బల్లపరుపు కప్పుతో, వీధివైపు మూసుకుని, ముంగిటివైపు తెరుచుకుంటుంది. వీధి దగ్గరి మజ్లిస్‌లో మగ అతిథులు, లోపలి ముంగిట్లో ఇంటి ఆడవారు. వేసవి రాత్రుల్లో మేడమీద పడక. రెండూ ముంగిలి చుట్టూ కట్టినవే అయినా ఒకటి వానకు జవాబు, మరొకటి ఎండకు జవాబు.

అయితే, జూలైలో ఆ చల్లని ముంగిట్లో ఎవరు కూర్చునేవారు? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. కోనసీమనుంచి వచ్చిన మా పెద్దమ్మ రద్వానీ ఇంటి ముంగిట్లో నిలబడి నాలుగు వైపులా చూసి, "ఏరా అబ్బాయ్, ఇంతమందికి నీళ్ళు ఎవరు తోడేవారు? వంట ఎవరు చేసేవారు?" అని అడిగింది. అంతవరకు నేను విన్న అభిప్రాయాలన్నింటిలోకి అదే అసలైన విమర్శ అనిపించింది.

జవాబు ఈ ఊరి చరిత్రలో ఉంది. నూనె రాకముందు ఖతర్‌కు ఆధారం ముత్యాలు. ముత్యాల వేట సాగేది సరిగ్గా వేసవిలోనే, సుమారు నాలుగు నెలలు. ఇంటి సదుపాయం ఎక్కువగా అవసరమైన నెలల్లో ఊళ్ళోని మగవారిలో చాలామంది పడవల మీద ఉండేవారు. మునిగేవారు నావికుడి దగ్గర తీసుకున్న అప్పుకు కట్టుబడి ఏటా మళ్ళీ మునిగేవారు. వారిలో బానిసలూ ఉన్నారు. జపాన్ పెంపుడు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి 1930లలో ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1949లో చమురు ఎగుమతి మొదలైంది. ఖతర్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. దోహా పాత ఇళ్ళ కప్పులకు వాడిన మడదూలాలు తూర్పు ఆఫ్రికా తీరంనుంచి పడవల్లో వచ్చేవి. మనుషులను అమ్మకానికి తెచ్చినదీ ఆ తీరం నుంచే. కప్పు కింది నీడకు ఇంత పొడవైన చరిత్ర ఉంది.

ఈ చరిత్రను ఖతర్ దాచిపెట్టలేదని కూడా చెప్పాలి. రద్వానీ ఇంటికి పొరుగునే ఉన్న బిన్ జల్మూద్ ఇల్లు హిందూ మహాసముద్ర తీరాల బానిసత్వ చరిత్రకు అంకితమైన మ్యూజియం. అది గతంతో ఆగిపోకుండా నేటి మానవ రవాణా గురించి కూడా మాట్లాడుతుంది. అరబ్బు ప్రపంచంలో ఇటువంటి ప్రయత్నం అరుదు. కాని నేను తీసుకువెళ్ళినవారిలో చాలామంది రద్వానీ ఇంట్లో అరగంట ఆనందంగా తిరిగి, ఈ ఇంట్లో పది నిమిషాలకే గుమ్మం వైపు చూశారు. మనసు బరువెక్కుతోందన్నారు. ఆ రెండు ఇళ్ళనూ వేరువేరుగా చూడటమే పొరపాటని నా వాదన. ఒక ఇంటి చలువకు లెక్క పక్క ఇంట్లో రాసి ఉంది.

జగిత్యాల వైపునుంచి వచ్చి ఇక్కడ పదిహేనేళ్ళుగా తాపీపని చేస్తున్న ఒకాయన ఒక శుక్రవారం నాతోపాటు వచ్చాడు. గదుల్లో ప్రదర్శనల వైపు అంతగా చూడలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, "గీ గోడ జూడున్రి సార్. గింత మందం పెట్టాల్నంటే రాయి ఎంతమంది మోసిండ్రో!" అన్నాడు. మిగిలినవారు కంటితో చూసిన ఇంటిని ఆయన చేతితో చదివాడు. ఖతర్‌లో ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట ఎండలో పని నిషేధం. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే వేళతో సంబంధం లేకుండా పని ఆపాలన్నది 2021 నాటి నిబంధన. చెమటకూ గాలికీ ఉన్న సంబంధాన్ని పాత ఇంటి మేస్త్రీ గోపురంగా కడితే, నేటి ప్రభుత్వం అంకెగా రాసింది. రెండింటి వెనుక ఉన్న శరీరధర్మం ఒకటే. తేడా ఏమిటంటే, గోపురం నీడలో కూర్చున్నవారికి పనికివచ్చింది. ఆ అంకె ఎండలో నిలబడినవారి కోసం వచ్చింది, చాలా ఆలస్యంగా.

ఏసీ గదిలో కూర్చుని ఇది రాస్తున్న నేను కూడా చలువను అనుభవించేవారి పక్షానే ఉన్నాను. ఆ సంగతి మరచిపోయి తీర్పు చెప్పడం న్యాయం కాదు. కట్టడాల అందాన్ని ఆస్వాదించవద్దని కూడా నా ఉద్దేశం కాదు. కఫ్రావీ అష్టభుజి తెలివైన రూపకల్పన. రద్వానీ ఇల్లు ముచ్చటైన ఇల్లు. కాని చలువ కోసం పుట్టిన కట్టడం మీద అభిప్రాయం చెప్పేటప్పుడు, ఆ చలువ ఎవరికి దక్కింది, దానికి ఎవరి ఒళ్ళు ఎండింది అన్న ప్రశ్న లేకపోతే ఆ అభిప్రాయం అసంపూర్ణం. ఇప్పుడు అతిథులు వస్తే వరస మార్చాను. ముందు బిన్ జల్మూద్ ఇల్లు, తరువాత రద్వానీ ఇల్లు, వీలైతే మరునాడు విశ్వవిద్యాలయం. వేసవిలో వచ్చినవారిని ముంగిట్లో ఒక్క పది నిమిషాలు నిలబడమంటాను. ఆ తరువాత వారు చెప్పే మాటలు మునుపటికన్నా తక్కువగా ఉంటున్నాయి. ఒక్కొక్కరు ఆ గోడ మీద చెయ్యి వేసి చూస్తున్నారు.