ఇవాళ ఏం కూర?

మా ఇంట్లో పొద్దున్నే కాఫీ గిన్నెతో పాటు ఓ ప్రశ్న కూడా పొయ్యెక్కేది. "ఇవాళ ఏం కూరండీ?" అడిగేది మా ఆవిడ. "ఏదో ఒకటి చేసెయ్" అనేవాణ్ణి నేను, పేపర్లోంచి తలెత్తకుండా. ఇరవై రెండేళ్ల పాటు ఆ జవాబు నా మంచితనమే అనుకున్నాను. ఫలానాదే కావాలని వేధించని మొగుడు ఎంతమందికి దొరుకుతాడు!

కిందటేడు ఆవిడ ఆఫీసు వేళలు మారాయి. ఏడింటికల్లా గడప దాటాలి. దాంతో వంట నా చేతికొచ్చింది. తరగడం, పోపు పెట్టడం నెల తిరిగేసరికి పట్టుబడ్డాయి. వేలికి రెండు గాట్లు, ఒక మాడిన మూకుడు, అంతే నష్టం. లొంగనిదల్లా ఆ ప్రశ్నే. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే నాలుగు వంకాయలు, సగం సొరకాయ, వడలిన కొత్తిమీర నాకేసి చూస్తుండేవి. సొరకాయ అంటే అమ్మాయి కంచం ముందు నుంచి లేచిపోతుంది. వంకాయ అమ్మకి పడదు, దురదలు. అలా తర్జనభర్జన పడుతుండగానే ఏడున్నర అయ్యేది. చివరికి బంగాళాదుంప వేపుడు. వారంలో నాలుగు రోజులు అదే.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లకి రోజుకి సగటున 289 నిమిషాలు అందులోనే పోతున్నాయనీ, చేసే మగవాళ్లకి 88 నిమిషాలనీ తేలింది. రోజుని అరగంటల ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏం చేశారో అడిగి రాసుకున్న లెక్క అది. మరి బస్సులో కమ్మీ పట్టుకు నిలబడి, ఇంట్లో పెరుగుందా, పప్పు నానబెట్టానా అని ఆలోచించుకోవడాన్ని ఎవరైనా ఏ అరగంటలో రాయిస్తారు? నేను "ఏదో ఒకటి" అన్నప్పుడల్లా ఆ బరువు మళ్లీ ఆవిడ నెత్తినే పెట్టానన్నమాట.

దారి ఒక ఆదివారం దొరికింది. ఆ రోజు ఏం కూరని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగరు కూడా. ఆదివారం కోడికూర. శనివారం రాత్రీ అంతే. అమ్మ వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటుంది, అన్నం ముట్టదు. అందుకని ఇంటిల్లిపాదికీ టిఫినే. వారంలో ఆ రెండు పూటలకీ ఆనవాయితీయే జవాబు చెప్పేస్తోంది. మిగతా అయిదు రోజులకీ ఓ ఆనవాయితీ పెట్టేస్తే పోలా?

మొదట రాసిన పట్టిక వారం కూడా నిలవలేదు. మంగళవారం బెండకాయ అని రాశాను. పటమట రైతుబజారుకెళ్లి కొన విరిచి చూస్తే ఒక్కటీ ఠప్పుమనలేదు, అన్నీ ముదుర్లే. అసలు రైతుబజారుకి వెళ్లేది ఆ పూట ఏది లేతగా వచ్చిందో అది తెచ్చుకోడానికి. 1999లో అవి మొదలైనప్పటి నుంచీ వెళ్తున్నవాణ్ణి, ఆ సంగతే మరిచాను. రెండోసారి కాయ పేరు రాయలేదు, వంట రకం రాశాను. సోమవారం ముద్దపప్పు, ఆవకాయ. మంగళవారం వేపుడు, చారు. బుధవారం ఆకుకూర పప్పు. గురువారం పులుసు. శుక్రవారం రోటిపచ్చడి, పెరుగు. ఏ కాయ, ఏ ఆకు అన్నది బజారు చూసుకుంటుంది. సొరకాయ పులుసు రోజున అమ్మాయికి అప్పడం ఎక్కువ.

ఆదివారం సాయంత్రం పిండి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. ఇందులో ఆలోచించాల్సింది ఎండాకాలమా చలికాలమా అన్నదొక్కటే. మే నెలలో ఆరేడు గంటలకే గిన్నె అంచు దాటి పొంగే పిండి, జనవరిలో తెల్లారినా బద్ధకంగా పడుకునే ఉంటుంది. మొదటి రెండు రోజులూ ఇడ్లీ. మూడో రోజు దిబ్బరొట్టి, సన్న సెగ మీద మూత పెట్టి, అడుగు ఎర్రగా కరకరలాడేదాకా. ఆ పైన పులిసిందంతా పునుగులు. నిజానికి ఆ పునుగుల కోసమే నేను కావాలని పిండి ఎక్కువ రుబ్బుతాను. ఈ సంగతి ఇంట్లో తెలియదు, ఇవాళ తెలుస్తుంది.

పట్టిక తప్పిన రోజుకి కందిపొడి. కప్పు కందిపప్పు, అరకప్పు సెనగపప్పు, గుప్పెడు ఎండుమిరపకాయలు, జీలకర్ర, చివర్లో వెల్లుల్లి. నూనె లేకుండా ఓపిగ్గా వేయించాలి, తొందరపడితే పైన మాడి లోపల పచ్చి. వేడన్నం, నెయ్యి, కందిపొడి ఉంటే ఆ పూటకి వంట అయినట్టే.

ఇదంతా నేనేదో కనిపెట్టాననుకుని అమ్మకి చూపించాను. అమ్మ నవ్వింది. తెనాలి దగ్గర మా ఊళ్లో ఆవిడ కాపురం చేసిన రోజుల్లో ఏడాది లెక్కలన్నీ ఎండాకాలంలోనే తేలిపోయేవి. కొత్త చింతపండు ఉండలు కట్టి జాడీలో పెట్టడం, మిరపకాయలు కారం కొట్టించడం, ఆవకాయ, గుమ్మడి వడియాలు, ఒరుగులు. తుఫాను వచ్చి మూడు రోజులు బజారు లేకపోయినా వంటింట్లో కంగారుండేది కాదు. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' పుస్తకం మా ఇంట్లో ఉండేది, ఇప్పటికీ ఉంది. అందులో పిండివంటల పేజీలకే నూనె మరకలు. కూరల పేజీలు తెల్లగా ఉన్నాయి. రోజువారీ కూరకి పుస్తకం తియ్యాల్సిన అవసరమే రాలేదు ఆవిడకి.

"ఇదేంట్రా, హోటల్ బోర్డులా ఉంది" అని మాత్రం అంది. నిజమే. ప్రతి గురువారం పులుసేనా అని మా ఆవిడ కూడా మూడో నెలలో మొహం చిట్లించింది. అందుకని గురువారం పక్కన ఓ ఖాళీ గడి పెట్టాం. మార్చాలనుకున్నవాళ్లు ముందురోజు రాత్రే అందులో రాయాలి, రాసినవాళ్లే కూర తరగాలి. ఇప్పటికి ఆ గడి మూడుసార్లే నిండింది, మూడుసార్లూ అమ్మాయి చేతిరాతే. తను ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు తుడుచుకోవడం చూశాక పులుసు మీద ఫిర్యాదులు తగ్గాయి.

ఫ్రిజ్ మీద కాగితానికి ఇప్పుడు నూనె చుక్కలు పడ్డాయి, పెన్సిలు దిద్దుబాట్లు పడ్డాయి. నిన్న చూస్తే శుక్రవారం గడిలో రోటిపచ్చడి పక్కనే అమ్మ వణుకు అక్షరాలతో గోంగూర అని రాసి ఉంది. ఆ గడిలో రాయమని ఎవరూ చెప్పలేదు, తరిగే నిబంధనా దానికి వర్తించదు. అయిదు కట్టలైనా తేవాలి. రేపు రాత్రి టీవీ ముందు చాపేసి అందరం ఆకు తుంచాలి. తెల్లగోంగూరా, ఎర్రగోంగూరా అన్నది మాత్రం ఆవిడ రాయలేదు.