ఆరు చుక్కల అబద్ధం

కార్తీకం వచ్చిందంటే ఖమ్మం–సత్తుపల్లి బస్సుల నిండా నల్లబట్టలే. పెనుబల్లిలో దిగే అయ్యప్ప స్వాములు, వి.ఎం. బంజరలో టీకొట్టు ముందు నిలబడ్డ స్వాములు, ఇరుముడి కట్టడానికి గుడికి బయల్దేరిన స్వాములు. వాళ్ళను లైకా ఎం8 అనే డిజిటల్ కెమెరాతో ఫోటో తీస్తే ఒక వింత జరుగుతుంది. పాలిస్టరు కలిసిన లుంగీ వంకాయ రంగులో పడుతుంది. పక్క స్వామి కట్టుకున్నది నూలుదైతే అది నల్లగానే ఉండొచ్చు. ఒకే దీక్ష, ఒకే ఎండ, రెండు రంగులు.

తప్పు స్వాములది కాదు, రంగు అద్దినవాళ్ళదీ కాదు. సింథటిక్ బట్టల మీద వాడే నల్లరంగులు చాలావరకు కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి తిప్పికొడతాయి. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందున్న మందపాటి గాజు ఆ కాంతిని ఆపేస్తుంది. 2006 సెప్టెంబరులో ఫోటోకినా ప్రదర్శనలో బయటికొచ్చిన ఎం8లో ఆ గాజు అర మిల్లీమీటరే. ఎందుకంత పల్చన అంటే, రేంజ్‌ఫైండర్ కెమెరా నిర్మాణం అలాంటిది. వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలు ఒకదాని మీదొకటి కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. లోపల పైకీ కిందికీ ఆడే అద్దం ఉండదు కాబట్టి లెన్సు సెన్సర్‌కు బాగా దగ్గరగా కూర్చుంటుంది. మౌంట్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరం 27.8 మిల్లీమీటర్లే. వెడల్పు (వైడ్ యాంగిల్) లెన్సు నుంచి అంచులకు వెళ్ళే వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్మ్ ఆ ఏటవాలును సర్దుకునేది, సెన్సర్ సర్దుకోదు. దానిమీద మందపాటి గాజు కూడా పెడితే అంచులు ఇంకా పాడవుతాయని లైకావాళ్ళు పల్చనిది పెట్టారు. అంచులు బాగుపడ్డాయి, నలుపు చెడింది.

కొన్నవాళ్ళు గోల చేశాక కంపెనీ లెన్సు ముందు బిగించుకొమ్మని ప్రత్యేకమైన ఫిల్టర్లు ఇచ్చింది. నలుపు మళ్ళీ నలుపైంది. కానీ ఆ ఫిల్టర్ గుండా వెలుగు ఏటవాలుగా వెళ్తే పరారుణంతో పాటు కొంత ఎరుపునూ కోసేస్తుంది. దాంతో వెడల్పు లెన్సుతో తీసిన ఫోటో మూలల్లో నీలి-ఆకుపచ్చ (సయాన్) ఛాయ చేరింది. ఒక అతుకును మూయడానికి ఇంకో అతుకు వేసినట్టయింది. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఏ లెన్సు తగిలించారో కెమెరాకు తెలిస్తే, దాని మూలలు ఎంత చెడతాయో ముందే లెక్కగట్టి, ఫోటో రాసుకునేటప్పుడే సరిచేసుకుంటుంది.

మూలల్లోని ఈ రంగు తేడా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఎక్కడ పట్టుబడుతుందో చెప్పడం తేలిక. ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి కుప్పలను తీస్తే ఎవరి కంటికీ ఆనదు. ఎరుపు అంత దాన్నీ మింగేస్తుంది. అదే యార్డుకొచ్చిన పత్తి కుప్పను తీయండి. నాలుగు మూలలూ నీళ్ళలో నాన్చినట్టు కనిపిస్తాయి. సున్నం కొట్టిన గోడ, భద్రాచలం కల్యాణంలో తెల్లపంచెలు, మబ్బు పట్టిన ఆకాశం కింద లంకాసాగర్ నీళ్ళు, ఇవన్నీ సాక్ష్యాలే. ఎం8ను తిట్టుకుంటూనే వాడేవాళ్ళు ఇప్పటికీ ఉండటానికి ఒక కారణం ఉంది. పరారుణానికి తెరిచి ఉన్న ఆ కన్నుతోనే, ఆ ఫిల్టర్ తీసేసి, పరారుణాన్ని మాత్రమే వదిలే ఫిల్టర్ బిగించి నలుపు–తెలుపులో అడవిని తీస్తే టేకాకులు వెన్నెల్లో ఉన్నట్టు తెల్లగా వెలుగుతాయి. ఆ పని చాలా కొత్త కెమెరాలు ఇంత సులువుగా చేయలేవు.

ఇక ఏ లెన్సు తగిలించారో కెమెరాకు చెప్పే కోడ్ సంగతి. లెన్సు వెనక, కెమెరాకు బిగుసుకునే లోహపు అంచు మీద లైకా ఆరు చిన్న గుంటలు తవ్వి, ఒక్కోదాంట్లో నలుపో తెలుపో నింపుతుంది. కెమెరా మౌంట్‌లో ఉన్న చిన్న కిటికీలోంచి ఆరు సెన్సర్లు ఆ చుక్కలను చదువుతాయి. నలుపు ఒకటి, తెలుపు సున్నా. ఆరు చోట్ల రెండేసి అవకాశాలు కాబట్టి మొత్తం 64 కలయికలు. పాత లైకా లెన్సులున్నవాళ్ళు వాటిని ఫ్యాక్టరీకి పంపి డబ్బు కట్టి కోడ్ వేయించుకునేవాళ్ళు. మరి జపాన్ కొసీనా కంపెనీ వోయిగ్ట్‌లాండర్ పేరుతో చేసే లెన్సులకో, జెయిస్ జెడ్‌ఎం లెన్సులకో, పాత కెనాన్, సోవియట్ జూపిటర్ లెన్సులకో? వాటికి లైకా కోడ్ వేయదు. ఎం8లో లెన్సు పేరును మెనూలోంచి ఎంచుకునే వీలూ లేదు. లైకా లెన్సులు లక్షల్లో ఉంటాయి. అందుకే మార్కర్ పట్టుకుని ఎవరి లెన్సుకు వాళ్ళే కోడ్ రాసుకోవడం మొదలైంది.

కావలసిన సామాను ఏ ఊరి స్టేషనరీ కొట్టులోనైనా దొరుకుతుంది. సీడీల మీద రాయడానికి వాడిన సన్నమొన నల్ల పర్మనెంట్ మార్కర్, కాస్త స్పిరిట్, దూది. దొరకనిది ఒక్కటే, చుక్కలు ఎక్కడ పడాలో చూపించే ఆరు చీలికల ప్లాస్టిక్ అచ్చు. అది లేనివాళ్ళు కోడ్ ఉన్న లెన్సు ఒకటి పక్కన పెట్టుకుని, దాని ఎర్రచుక్కనూ తమ లెన్సు ఎర్రచుక్కనూ ఒకే వరసలో ఉంచి కొలుచుకుంటారు. చేయి వణికితే పని చెడుతుంది. చుక్కలు పక్కపక్కనే ఇరుకుగా ఉంటాయి కాబట్టి సిరా కాస్త పాకినా ఒక సున్నా ఒకటిగా మారి, కెమెరా ఇంకేదో లెన్సు పేరు చెబుతుంది, లేదా ఏమీ చెప్పదు. తెల్లచుక్కలను చాలామంది వదిలేస్తారు. మెరిసే లోహాన్నే కెమెరా ఎక్కువసార్లు తెలుపుగా చదువుతుంది. లైకా మాత్రం గుంటల్లో తెల్లరంగు నింపుతుంది. మెరుపును నమ్మలేం, రంగునైతే నమ్మొచ్చు.

ఇంకో చిక్కు మరలతో. కొన్ని లెన్సుల అంచు మీద మర సరిగ్గా చుక్క పడాల్సిన చోటే ఉంటుంది. దాని గాడి వెలుతురును మింగేస్తే కెమెరా దాన్ని నలుపనుకుంటుంది. అక్కడ ఎలాగూ నలుపే కావాలంటే అదృష్టం. తెలుపు కావాలంటే మర తలకు తెల్ల ఎనామిల్ పూయాలి.

మార్కర్ రాత ఎక్కువకాలం నిలవదు. లెన్సు బిగించిన ప్రతిసారీ ఆ అంచు కెమెరా అంచుతో రాసుకుంటుంది. మే నెలలో కొత్తగూడెం వైపు ఎండల్లో చేతి చెమట తోడైతే మరీ త్వరగా పోతుంది. అందుకే ఓపికున్నవాళ్ళు చుక్క చోట పల్చటి గుంట చెక్కించి రంగు నింపుకుంటారు. మన ఊళ్ళలో స్టీలు గిన్నెల మీద ఇంటిపేరు చెక్కే మిషను చూసి ఈ పని దానితో అయిపోతుందని అనిపించడం సహజం. కానీ లెన్సు మీద ఆ మిషను పెట్టకూడదు. రేగే లోహపు పొడి లెన్సు మరల్లో చేరిందంటే ఫోకస్ రింగు ఇసుక పట్టినట్టు తిరుగుతుంది. చెక్కాలంటే కెమెరాకు బిగుసుకునే ఆ లోహపు అంచును విప్పి విడిగా చెక్కాలి, అదీ చేయి తిరిగినవాళ్ళతో. స్క్రూ మౌంట్ లెన్సులవాళ్ళకు ఈ బాధ లేదు. స్క్రూ మౌంట్ దూరం 28.8 మిల్లీమీటర్లు, అంటే ఎం మౌంట్ కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ. ఆ తేడాను పూడ్చే ఒక మిల్లీమీటరు అడాప్టర్ రింగు మీదే కోడ్ రాస్తే సరిపోతుంది, లెన్సును ముట్టుకోనక్కర్లేదు. రింగు కొనేటప్పుడు మాత్రం అది వ్యూఫైండర్‌లో ఏ ఫ్రేమ్‌లైన్లను లేపే రకమో చూడాలి: 28–90, 35–135, 50–75. కోడ్ ఒకటి చెప్పి, ఫ్రేమ్‌లైన్ ఇంకోటి చెబితే కెమెరా కొన్నిసార్లు కోడ్‌ను నమ్మదు.

రాయడం ఇంతే. ఏ లెన్సు పేరు రాయాలన్నదే విద్య. మీ చేతిలో ఉన్నది వోయిగ్ట్‌లాండర్ 15 మి.మీ. అనుకోండి. లైకా పట్టికలో సరిగ్గా అలాంటిది లేదు. దగ్గరి చుట్టం ఎవరో వెతకాలి. కొందరు 16–18–21 ట్రై-ఎల్మార్ కోడ్ రాస్తారు, కొందరు 21 ఎల్మారిట్ రాస్తారు. జెయిస్ 35 బయోగాన్‌కు 35 సమ్మిక్రాన్ పేరు అరువు తెచ్చుకుంటారు. ఫోకల్ లెంగ్త్ ఒకటే అయినంత మాత్రాన చాలదు, వెనక గాజు సెన్సర్‌కు ఎంత దగ్గరగా వస్తుందన్నదే అసలు లెక్క. అందుకే పట్టికలను గుడ్డిగా నమ్మేవాళ్ళను చూస్తే నాకు జాలి. పరీక్ష ఇంటి దగ్గరే ఉంది. వెలుతురు సమంగా పడే పూట, నీడలో ఉన్న తెల్లగోడ ముందు నిలబడి, ఫోకస్ చెదరగొట్టి, ఎఫ్/8లో ఒక్కో కోడ్‌తో ఒక్కో ఫోటో తీయాలి. కంప్యూటర్లో మధ్యభాగాన్నీ మూలలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మూల నీలంగా మిగిలితే దిద్దుబాటు చాలలేదు, ఎర్రబడితే ఎక్కువైంది. ఎం8 మెనూలో లెన్స్ డిటెక్షన్‌ను ఫిల్టర్‌తో కలిపి పెట్టడం మరిచిపోతే ఈ శ్రమంతా వృథా.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కోడ్ రంగును సరిచేస్తుంది, ఫోకస్‌ను కాదు. పాత సోవియట్ 50 మి.మీ. లెన్సుల్లో చాలావాటి ఫోకస్ కొలత లైకాతో కలవదు. ఎన్ని చుక్కలు పెట్టినా ముక్కు మీద పెట్టిన ఫోకస్ చెవి మీదికే పోతుంది.

2009లో వచ్చిన ఎం9 పూర్తి ఫ్రేమ్ సెన్సర్‌తో, కాస్త మందమైన గాజుతో, మెనూలో లెన్సుల జాబితాతో వచ్చింది. ముందు ఫిల్టర్ అవసరం పోయింది. కానీ వెడల్పు లెన్సులతో ఒక అంచు ఎర్రబారడం మొదలైంది. ఇప్పుడు కోడ్ రాసుకోవడం తప్పనిసరి కాదు. అయినా శివరాత్రి జాతరలో గుట్ట మీద జనం తోసుకుంటుంటే లెన్సు మార్చిన ప్రతిసారీ మెనూలోకి వెళ్ళి పేరు మార్చేదెవరు? 50 మి.మీ. అని చెప్పి 21తో తీసిన ఫోటోలు ఇంటికొచ్చి చూస్తే మూలలు చెడి ఉంటాయి. ఆ జాతరకైతే నేను చుక్కలకే ఓటేస్తాను.

ఈ అబద్ధానికి ఒక మూల్యం ఉంది. ఫోటో ఫైల్లో కెమెరా రాసే ఎక్సిఫ్ వివరాల్లో లెన్సు పేరు లైకాదే పడుతుంది. పది వేల రూపాయల లెన్సు ‘సమ్మిక్రాన్’ అయిపోతుంది. సరదాకు సరే. కానీ ఫోటోలు ఎవరెవరికి పనికొస్తాయో ముందే చెప్పలేం. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940ల్లో నిజాం రాజ్యంలో తిరిగి, గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేశారు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. అలాంటి ఫోటో చూసేవాడు అడిగేది ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు అనే. లెన్సు పేరు ఎవరికీ అక్కర్లేదు. అయినా ఒక వివరం తప్పని తేలితే పక్కనున్న తేదీ మీద కూడా అనుమానం పడుతుంది. కోడ్ రాసుకునేవాళ్ళు ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక్క ఆదేశంలో వందల ఫోటోల్లో అసలు లెన్సు పేరు తిరిగి ఎక్కించుకోవచ్చు. దానికి ముందు కెమెరా రాసిన అసలు డీఎన్‌జీ ఫైళ్ళకు ఒక కాపీ పక్కన పెట్టుకోవాలి, ఆ పని తీసిన రోజు రాత్రే చేసుకోవాలి. రెండేళ్ళ తర్వాత ఏ రోజు ఏ లెన్సు బిగించామో ఎవరికి గుర్తుంటుంది?