మొలల స్వభావము: ఒక వ్యాసవిమర్శ

నెల్లూరునుండి మైపాడు తీరమునకు దినదినము సైకిలు త్రొక్కువానికి మొలలు వచ్చినచో, చుట్టుపట్లవారు మొదట నిందించునది సీటును. ఈ నింద ఎంతవరకు న్యాయమో తేల్చుకొనుటకు, 1975లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీ పత్రికలో డబ్ల్యు.హెచ్.ఎఫ్. థామ్సన్ ప్రకటించిన 'మొలల స్వభావము' అను వ్యాసము మిక్కిలి ఉపకరించును.

మొలలనగా ఉబ్బిన సిరలని అంతకుముందు పలువురి నమ్మకము. మలద్వారములో రక్తనాళములు, కండరపు పోగులు కూడిన మెత్తలు ఎల్లరకు సహజముగనే ఉండుననియు, వాని పట్టు సడలి క్రిందికి జారుటయే వ్యాధియనియు థామ్సన్ ప్రతిపాదించెను. ఈ వాదమునకు బలము ఊహ కాదు. దేహభాగములను కోసి చూచిన సాక్ష్యము. దీనిని బట్టి గట్టి మలము, ముక్కుట మొదటి దోషులు. సీటు బాధను పెంచవచ్చునే గాని మూలకారణమనుటకు ఆధారము చాలదు.

అయినను శరీరనిర్మాణము తెలిసినంతనే బాధ తగ్గదు. తీరపుటెండలో చెమటతో నీరు తరిగినప్పుడు మలము గట్టిపడును. కావున సైకిలు త్రొక్కువాడు నీరు, మజ్జిగ, ఆకుకూరలు చాలినంత తీసికొనవలెను. బరువు పిరుదుల ఎముకలపై నిలుచునట్లు సీటు అమర్చుకొనవలెను. నొప్పి, వాపు ఉన్న దినములలో సైకిలు మానవలెను.

ఈ సిద్ధాంతమును పైపైన చదువుటలో ఒక అపాయము కలదు. మెత్తలు సహజమన్న మాట పట్టుకొని రక్తస్రావమును తేలికగా తీసికొనువారుండవచ్చును. పెద్దప్రేగు కాన్సరులో కూడ రక్తము పడును. ఆ రక్తమెక్కడిదో తేల్చవలసినది వైద్యుడు. సిగ్గుపడి దాచుకొన్నచో కాలము మించిపోవచ్చును.