కొమ్మతో సహా పువ్వు

పెళ్ళి మండపాల పుణ్యమా అని ఆర్కిడ్ అంటే మనవాళ్ళకు ఒకటే రూపం స్థిరపడిపోయింది. ఎక్కడో థాయిలాండ్ తోటల్లో పెంచి, పెట్టెల్లో సర్ది పంపితే, రోజుల తరబడి వాడకుండా నిలిచే ఊదా రంగు డెండ్రోబియం. డబ్బున్నవాళ్ళ పువ్వు అన్న పేరు కూడా దానికి వచ్చేసింది. ఆ మండపానికి మామిడాకులు కోసుకొచ్చిన చెట్టు మీదే, నడికొమ్మ వంపులో, మరో ఆర్కిడ్ పూసి ఉండవచ్చునన్న ఊహ ఎవరికీ రాదు.

ఆ రెండోదాని పేరు వాండా టెస్సెలేటా. ముసలి మామిళ్ళ మీద, ఇప్పల మీద బతుకుతుంది. రేకుల లోపలివైపు పసుపుపచ్చ మీద గోధుమ రంగు గళ్ళు. వెనక్కి తిప్పి చూస్తే తెలుపు. పెదవి అని పిలిచే ముందు రేకు మాత్రం నీలం కలిసిన ఊదా. దగ్గరికి వెళితే మంచి వాసన. ఊళ్ళో ఎవరినైనా అడిగితే "అదా, బదనిక" అని తీసిపారేస్తారు. చెట్టు రసం పీల్చి బతికే అసలు బదనికతో దీన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇది కొమ్మను పట్టుకుని ఉంటుందే తప్ప కొమ్మ లోపలికి వేరు దించదు. వాననీరు, మంచు, బెరడు పగుళ్ళలో పేరుకున్న ఆకుల పొట్టు, వీటితోనే దాని సంసారం సాగిపోతుంది.

భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో అచ్చువేసిన సచిత్ర గ్రంథం మన దేశంలో 1256 ఆర్కిడ్ జాతులను లెక్కకట్టింది. వాటిలో 757 చెట్ల మీద బతికేవే. ఈశాన్య రాష్ట్రాలకూ పడమటి కనుమలకూ ఉన్నంత పేరు మన తూర్పు కనుమలకు లేదు. కానీ అనంతగిరి, లంబసింగి, మారేడుమిల్లి వైపు కొండల్లో చూడటం తెలిసినవాడికి కొదవేమీ లేదు. ఆ చూడటం ఒక విద్య. పువ్వును కోయకుండా, మొక్కను కదల్చకుండా, ఉన్నచోటే ఫొటో తీయడం దానికి తోడబుట్టిన రెండో విద్య.

ఈ రెండో విద్యకు మూలపురుషులు కెమెరా ఎరగనివాళ్ళు. 1780లలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్, చుట్టుపక్కల మొక్కల బొమ్మలు మన దేశపు చిత్రకారుల చేత గీయించాడు. ఆ బొమ్మల్లోంచి ఎంచినవి 1795 నుంచి 1820 వరకు, కోరమాండల్ తీరపు మొక్కల పేరుతో, మూడు సంపుటాల్లో 300 పలకలుగా లండన్‌లో అచ్చయ్యాయి. పైన చెప్పిన వాండా, దాని పొరుగుదైన అకాంపి ప్రేమోర్సా, రెండూ 1795లో, మొదటి సంపుటంలోనే శాస్త్రలోకానికి పరిచయమయ్యాయి. అంటే మన మామిడిచెట్ల మీది పువ్వులకు రెండు శతాబ్దాల పైబడిన చిత్ర చరిత్ర ఉందన్నమాట. ఆ చిత్రకారుల్లో ఎక్కువమంది పేర్లు పుస్తకంలోకి ఎక్కలేదు. తర్వాతి తరంలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ కొంత నయం. 1838 నుంచి 1853 వరకు వెలువడిన తన ఐకోన్స్ గ్రంథానికి రంగయ్య, గోవిందు అనే ఇద్దరి చేత బొమ్మలు గీయించి, ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు మీద గోవిందూయియా అని పేరు పెట్టాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు దాన్ని ట్రోపిడియాలో కలిపేశారు. గవర్నర్ల పేర్లూ వాళ్ళ భార్యల పేర్లూ మొక్కలకు తగిలిస్తున్న కాలంలో కుంచె పట్టినవాడికి దక్కిన ఆ గౌరవం కొన్నాళ్ళైనా నిలిచింది.

ఆనాటి బొమ్మల తీరు ఒకసారి గమనించాలి. వేరు, ఆకు, పూలగెల ఒకే పలక మీద ఉంటాయి. పక్కనే పువ్వు విడిగా, పెదవి విడిగా, పుప్పొడి ముద్దలు పెద్దవి చేసి. ఈనాటి ఫొటోగ్రాఫర్ అదే సమాచారాన్ని నాలుగైదు ఫొటోల్లో రాబట్టాలి. తేడా ఒకటే. అప్పుడు చిత్రకారుడి బల్ల మీదికి మొక్కను కోసి తెచ్చేవారు, ఇప్పుడు మనమే మొక్క దగ్గరికి వెళుతున్నాం.

ముందు వెతకడం సంగతి. పువ్వు కోసమే వెతికేవాడికి ఏడాదిలో ఎక్కువ రోజులు ఏమీ కనిపించదు. చెట్టును చూసేవాడికి మాత్రం ఏ నెలలోనైనా పని దొరుకుతుంది. మామిడి, పనస, నల్లమద్ది లాంటి గరుకు బెరడు చెట్లు మంచి ఇళ్ళు. బెరడు పొరలు పొరలుగా రాల్చే యూకలిప్టస్ మీద వెతకడం దండగ. కొమ్మ చీలే చోట, నాచు పట్టిన వైపున, వాగు మీదికి వాలిన మాను మీద ముందు చూపు ఆనాలి. ఎండిన రోజుల్లో ఆర్కిడ్ వేళ్ళు వెండి తెలుపులో మెరుస్తాయి. వేరు చుట్టూ నీటిని పీల్చుకునే పొర ఒకటి ఉంటుంది, అది ఎండితే తెల్లబడుతుంది, తడిస్తే పచ్చబడుతుంది. కొస మాత్రమే పచ్చగా కనిపిస్తే వేరు ఎదుగుతోందని అర్థం.

ఘాట్ రోడ్డు ఒక వరం. లోయ వాలులో మొలిచిన చెట్టు తల రోడ్డు అంచున నిలబడ్డవాడి కంటికి సమానంగా వస్తుంది. కింద నుంచి మెడ విరిగేలా చూసినా కనపడని కొమ్మ, వంపు దగ్గర ఎదురుగా నిలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే చాలు. (వెనక వచ్చే లారీని గమనించడానికి మాత్రం ఇంకొకరు తోడుండాలి.) గాలివాన వెలిసిన మర్నాడు నేల మీద కూలిన కొమ్మలు చూస్తే పైన ఎక్కడో ఏమున్నదీ కిందనే తెలిసిపోతుంది. వీటన్నిటినీ మించిన ఆధారం అక్కడి మనిషి. కాఫీ తోటలో పండ్లు కోసేవాళ్ళకూ, పశువులు కాసే పిల్లలకూ ఏ చెట్టు ఎప్పుడు ఏమి పూస్తుందో తెలుసు. శాస్త్రీయ నామం వాళ్ళకు తెలియకపోవచ్చు, చెట్టు తెలుసు. మనకు కావలసింది చెట్టే.

పూలకు ఒక పంచాంగం ఉంది. వేసవి ముదిరి తొలి జల్లులు పడే రోజుల్లో రింకోస్టైలిస్ రెటూసా పూస్తుంది. ఇదే ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్. వందకు పైగా చిన్న పువ్వులు, తెలుపు మీద గులాబీ చుక్కలతో, ఒకే గెలకు వేలాడతాయి. అసోంలో దీన్ని కొపౌ ఫూల్ అంటారు. అది ఆ రాష్ట్ర పుష్పం, బిహూ ఆడే అమ్మాయిల సిగలో ఉండవలసిన పువ్వు. మన కొండల్లోనూ ఉంది. పూత ఉండేది కొద్ది వారాలే, ఆ వారాల్లో కొండ ఎక్కినవాడు నక్కతోక తొక్కినట్టే.

తొలకరితో నేల ఆర్కిడ్ల వంతు. నెర్వీలియా తీరు విచిత్రం. ముందు ఆకు లేకుండా ఒట్టి కాడ లేచి పూస్తుంది, పువ్వు వాడిపోయాక గుండె ఆకారంలో ఒకే ఒక ఆకు వస్తుంది. పువ్వూ ఆకూ ఒకే ఫ్రేములో ఎప్పటికీ దొరకవు. ఆ చోటు గుర్తుపెట్టుకుని వారాల తర్వాత మళ్ళీ వెళ్ళవలసిందే. జియోడోరం పూలకాడ కొంకిలా వంగి నేలచూపులు చూస్తుంది, కాయ కట్టాక నిటారుగా లేస్తుంది. దీనికీ రెండు ప్రయాణాలు. వానలు బలపడ్డాక గడ్డి మైదానాల్లో హాబెనేరియాలు. వీటిలో చాలావాటికి తెల్లటి రేకులు, వెనక తేనె నిండిన పొడవాటి గొట్టం. రాత్రి వాసన వెదజల్లి చిమ్మటలను పిలుస్తాయి. ఆ గొట్టం పొడవు కొలిస్తే వచ్చే చిమ్మట నాలుక పొడవు అంచనాకు అందుతుంది. అందుకే హాబెనేరియాను ఎదురుగా మాత్రమే తీసిన ఫొటో సగం ఫొటో.

ఇక తీయడం. మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. మబ్బు పట్టి, వాన వెలిసి, ఆకుల కింద వెలుగు మెత్తబడిన వేళ శ్రేష్ఠం. అడవిలో వెలుగు ఆకుల గుండా వడకట్టుకుని వస్తుంది కనుక తెల్ల పువ్వు కూడా ఫొటోలో పచ్చగా తేలుతుంది, వైట్ బ్యాలెన్స్ చేత్తో సరిచేసుకోవాలి. చీకటి నేపథ్యం చూసి కెమెరా మోసపోయి వెలుగు పెంచేస్తుంది. రేకుల మీది ఈనెలు, మడతలు అన్నీ చెరిగిపోయి సున్నం కొట్టిన గోడ మిగులుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా తగ్గించి తీస్తే తెలుపులో వివరం నిలుస్తుంది. 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్, ఎఫ్11 చుట్టూ అపర్చర్, పలచటి తెల్ల గుడ్డో డిఫ్యూజరో అడ్డుపెట్టిన చిన్న ఫ్లాష్ ఉంటే చాలావరకు గడిచిపోతుంది. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది ఫొటోలు తీసి కలిపే స్టాకింగ్ పద్ధతి అద్భుతమే కానీ గాలి ఆడని రోజు కావాలి. వేలాడే ఫాక్స్‌టెయిల్ గెల దగ్గర ఆ పద్ధతి ఊసెత్తకపోవడం మేలు. షట్టర్ వేగం పెంచి, గాలి ఊపిరి బిగబట్టే క్షణం కోసం కాచుకోవడమే.

పైకొమ్మ మీద ఉన్నదానికి చెట్టెక్కనక్కర్లేదు. కాలు ఆనించే నాచులో రేపటి మొలకలు ఉంటాయి. 300 మిల్లీమీటర్ల లెన్స్‌తో కింద నుంచి తీసిన ఫొటో అందంలో కాస్త తగ్గినా సాక్ష్యంగా సరిపోతుంది.

నా మట్టుకు నాకు ఎక్కువ విలువైనది, చాలామంది తీయకుండా వదిలేసే ఫొటో. చెట్టు, బెరడు, ఆ చుట్టూ ఉన్న ఫెర్న్‌లు, వెనక లోయ, వాటి మధ్య పువ్వు. మామూలు ఫోన్ ఈ పనిలో ఖరీదైన కెమెరాకు తీసిపోదు. దాని చిన్న సెన్సార్ వల్ల ముందున్న పువ్వూ వెనకున్న కొండా రెండూ స్పష్టంగానే పడతాయి. పువ్వు వెనక నల్లగుడ్డ కట్టి తీసిన ఫొటోలు గోడకు తగిలించడానికి బాగుంటాయి. ఆ పువ్వు అనంతగిరిలో పూసిందో, హైదరాబాద్ నర్సరీలో పూసిందో వాటిని చూసి ఎవరూ చెప్పలేరు. స్ప్రే సీసాతో చల్లిన మంచుబిందువుల గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఇంకొక దురలవాటు, ఫ్రేముకు అడ్డమని చుట్టూ గడ్డి పీకడం. నేల ఆర్కిడ్‌కు ఆ గడ్డే నీడ, ఆ గడ్డే తేమ, పశువుల కంటబడకుండా దాచే తెర. ఫొటో తీసుకుని మనం వెళ్ళిపోతాం, మర్నాడు మేక వస్తుంది. అడ్డమైన పోచను వేలితో పక్కకు వంచి, తీశాక వదిలేస్తే సరిపోతుంది.

ఫొటోకు శాస్త్రంలో విలువ ఎక్కడుందంటే, హెర్బేరియంలో అదిమి ఆరబెట్టిన ఆర్కిడ్ పువ్వు రూపూ రంగూ రెండూ పోగొట్టుకుంటుంది. వాండా రేకు వెనక తెలుపు, పెదవి మీది ఊదా, గళ్ళు, ఇవన్నీ గోధుమరంగు మరకగా మిగులుతాయి. ఎదుటి నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తీసిన మూడు ఫొటోలు, ఆకు కొస, ఆశ్రయమిచ్చిన చెట్టు పేరు, తేదీ కలిస్తే పువ్వు తెంపకుండానే చాలా జాతులను పోల్చుకోవచ్చు. ఆకు కొసను చిన్నచూపు చూడకూడదు. పూత లేని కాలంలో, కొరికేసినట్టు హెచ్చుతగ్గులుగా ముగిసే దళసరి ఆకును బట్టే అకాంపిని వాండా నుంచి వేరుచేస్తారు. ఐనేచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి చోట్ల పెడితే తెలిసినవాళ్ళు పేరు చెబుతారు.

చోటు మాత్రం చెప్పకూడదు. ఐనేచురలిస్ట్‌లో స్థలాన్ని మసకబరిచే ఏర్పాటు ఉంది, ఎవరికైనా పంపే ముందు ఫొటోలోని లొకేషన్ తీసేయాలి. ఇది అతిజాగ్రత్తగా తోస్తే 1850లో ఖాసీ కొండల్లో ఏం జరిగిందో చూడండి. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ అక్కడ నీలి వాండాను చూసి ముచ్చటపడి, ఏడుగురు మోసేటంత మొక్కలు లండన్ క్యూ తోటకు పంపాడు. బతికి చేరినవి బహు కొద్ది. ఆ చోటు చూపించమని ఒక పెద్దమనిషి తన తోటమాలిని హుకర్ వెంట పంపాడు. ఆ పెద్దమనిషి పంపిన ఒక్క మనిషి మోత, అదీ సగం చచ్చిన స్థితిలో, ఇంగ్లండ్‌లో 300 పౌన్లకు అమ్ముడుపోయింది. ఇవన్నీ హుకరే రాసుకున్నాడు. ఇవాళ నీలి వాండా వన్యప్రాణి సంరక్షణ చట్టం పేరుపెట్టి రక్షించే కొద్దిపాటి మొక్కల్లో ఒకటి. ఆర్కిడ్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీదా సైటిస్ ఒప్పందపు అదుపు ఉంది. రిజర్వు అడవిలో అడుగుపెట్టే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

"ఒక్క పిలక తెచ్చి పెరట్లో కట్టుకుంటే ఏం పోయింది?" అని అడిగేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఆర్కిడ్ గింజ ధూళి అంత ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. నేలలోనో బెరడులోనో ఉండే ఒక శిలీంధ్రం తిండి అందిస్తేనే అడవిలో అది మొలుస్తుంది. ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ 1899లో కనిపెట్టిన సంగతి ఇది. కాయకు వేలూ లక్షలూ గింజలున్నా మొలిచేవి ఏ కొన్నో. పెరట్లోకి వచ్చిన పిలక పూయవచ్చు కూడా, దాని సంతానానికి కావలసిన బూజు మన గోడ మీద ఉంటుందన్న నమ్మకం లేదు.

అడవి దాకా వెళ్ళే వీలు లేనివాళ్ళకు ఒక మాట. జ్యూక్సిన్ స్ట్రాటియుమాటికా అనే ఆర్కిడ్ చలికాలంలో కాలవ గట్ల మీద, తడి పచ్చిక మీద, ఒక్కోసారి ఊరి నడుమ పార్కు లాన్లలో కూడా మొలుస్తుంది. జానెడు కూడా ఉండదు. సన్నటి ఆకులు గడ్డిలో కలిసిపోతాయి, చిట్టి తెల్ల పువ్వులకు పసుపుపచ్చ పెదవి. తోటమాలి గడ్డి కోసే మర తెచ్చేలోపు బోర్లా పడుకుని తీసుకోవాలి. దారినపోయేవాళ్ళు ఆగి, ఏం పారేసుకున్నారండీ అని అడుగుతారు. చూపించండి, వాళ్ళూ వంగి చూస్తారు.